101 కుర్చీలు... 1500 మంది అతిథులు!

ఫలక్‌నుమా అనగానే కొందరికి హౌరా వెళ్ళే రైలు గుర్తొస్తుంది. కుర్రకారుకి 2019లో వచ్చిన విశ్వక్‌సేన్ ‘ఫలక్‌నుమా దాస్’ గుర్తొస్తుంది. హిందీ తారల కబుర్లు వదలకుండా చదివేవాళ్ళు 2014 నవంబరులో సల్మాన్‌ఖాన్ చెల్లెలు అర్పిత పెళ్ళిని మరిచిపోయి ఉండరు. చార్మినార్ దాటి శాలిబండ, అలియాబాద్, శంషీర్‌గంజ్, ఇంజన్‌బౌలి మీదుగా వెళితే కొండమీద ఠీవిగా కనబడే ఆ మహల్ సంగతే ఈ వారం. అయితే ఇది తారల కబురు కాదండోయ్, ఓ విందు కబురు. మన సినిమా ఫంక్షన్లు చేసే పెద్దలు చెవిన వేసుకోవలసిన కబురు!

2017 నవంబరు 28న మాదాపూర్ హెచ్.ఐ.సి.సి.లో ‘గ్లోబల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ సమ్మిట్’ మొదలయింది. సుమారు 150 దేశాల నుంచి 1500 మంది ప్రతినిధులు వచ్చారు. వేదిక మీద ప్రధాని నరేంద్ర మోదీ, అప్పటి అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్. ‘మిత్ర’ అనే మరమనిషి కూడా వచ్చి సందడి చేసింది. మర్నాడు పేపర్లనిండా ఆ ఫోటోలే! ఆ రాత్రి ప్రధాని ఇచ్చిన విందు మాత్రం ఊరికి ఇంకో కొసన, ఫలక్‌నుమాలో.

తమాషా అంతా అక్కడే ఉంది. ఆ మహల్‌లో పేరుమోసిన భోజనాల బల్లకి ఉన్నవి 101 కుర్చీలు. ఈ చివర గుసగుసలాడితే ఆ చివరికి వినిపిస్తుందని చెబుతారు. 1884లో వికారుల్ ఉమ్రా ఈ మహల్ కట్టించడం మొదలుపెట్టినప్పుడు నూటొక్కమంది అతిథులంటే గొప్పే. తర్వాత అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్ళింది. కానీ 2017లో వచ్చింది పదిహేను వందల మంది! ముఖ్యులకి బల్ల, మిగతావారికి ఆరుబయట పచ్చికలో భోజనాలు. సరే, బాగుంది. మరి ఇంతమంది లోపలికి వచ్చేదెలా?

ఓ చిన్న లెక్క వేద్దాం. బస్సుకి 50 మంది చొప్పున 1500 మందికి 30 బస్సులు కావాలి. తనిఖీ ద్వారం దగ్గర మనిషికి 10 సెకన్లు పట్టిందనుకోండి. ద్వారం ఒక్కటే అయితే నాలుగు గంటల పది నిమిషాలు! ఆఖరి అతిథి లోపలికి అడుగుపెట్టేసరికి వంటవాళ్ళు గిన్నెలు కడుగుతూ ఉంటారు. అదే పది ద్వారాలుంటే పాతిక నిమిషాల పని. వంటకాల జాబితా రాసేముందే ఈ లెక్క రాసుకోవాలి. పెద్ద కాన్ఫరెన్సులు జరిపేవాళ్ళు అలాగే చేస్తారు. గేటు నుంచి మొదలుపెట్టి వేదిక దాకా వస్తారు. మనవాళ్ళు వేదిక దగ్గర మొదలుపెట్టి గేటు దాకా రాకముందే ఫంక్షన్ చేసేస్తారు!

మన శతదినోత్సవాలు గుర్తు చేసుకోండి. షీల్డులు ఎన్ని, పూలదండలు ఎన్ని, ఎవరి పక్కన ఎవరి కుర్చీ... వీటికి రోజులతరబడి చర్చలు. అభిమానులు ఏ దారిన వస్తారు, ఏ దారిన పోతారు అనేది మాత్రం పోలీసుల పని! షీల్డులు పోయి ఎల్.ఇ.డి. తెరలు వచ్చాయి గానీ ఆ అలవాటు పోలేదు.

2024 సెప్టెంబరు 22న ‘దేవర’ ప్రీ రిలీజ్ ఫంక్షన్ ఎక్కడ పెట్టారో తెలుసుగా? సమ్మిట్ జరిగిన ఆ హెచ్.ఐ.సి.సి. ఆవరణలోనే, నోవోటెల్‌లో. హాలు పట్టనంత జనం వచ్చిపడ్డారు. ఫంక్షన్ రద్దయింది. ఎన్.టి.ఆర్. వీడియోలో అభిమానులకి తన బాధ చెప్పుకోవలసి వచ్చింది. చోటు అదే, గోడలు అవే! అయితే ఒక న్యాయమైన మాట చెప్పాలి. సమ్మిట్‌కి వచ్చేవాళ్ళ పేర్లు ముందే రాసి ఉంటాయి, మెడలో కార్డు లేనిదే కదలరు. అభిమానం అలా పేరు రాయించుకుని రాదు. అందుకే సినిమావాళ్ళకి ఈ లెక్క రెట్టింపు అవసరం.

ఫంక్షన్ రద్దయితే పోయేది డబ్బు, ఓ సాయంత్రం. 2024 డిసెంబరు 4 రాత్రి ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్ సంధ్య థియేటర్ దగ్గర ‘పుష్ప 2’ ప్రీమియర్ తొక్కిసలాటలో ఓ తల్లి ప్రాణమే పోయింది. ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. సినిమా చూద్దామని వచ్చినవాళ్ళు వాళ్ళు, మీలాగా, నాలాగా.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు ఇతరుల కాన్ఫరెన్సులకి వెళ్ళి, ఉపన్యాసాలు వినకుండా తెర వెనక తిరిగి వస్తారు. సామాను లారీ ఎక్కడ ఆగింది, అంబులెన్సుకి దారి వదిలారా, కరెంటు పోతే ఏం చేస్తారు... చూసేవి ఇవే. శాన్‌ఫ్రాన్సిస్కోలో సేల్స్‌ఫోర్స్ కంపెనీ జరిపే ‘డ్రీమ్‌ఫోర్స్’కి 2015లో హోటల్ గదులు చాలకపోతే ఓ విహార నౌకనే తెప్పించి రేవులో కట్టారు! జనం ఎక్కువ వస్తారని ముందే తెలిస్తే మంచాలు కూడా సముద్రం మీద నుంచి వస్తాయన్నమాట.

అన్నీ నేర్చుకోమని కాదు లెండి. సమ్మిట్ జరిగిన నవంబరులోనే మన నగరంలో రెండు నెలలపాటు బిచ్చమెత్తడం నిషేధించారు. అతిథి కంట పడకుండా పేదవాణ్ణి పక్కకి నెట్టే విద్య మన సినిమావాళ్ళకి అంటకపోతేనే మంచిది.

నేర్చుకోవలసిందల్లా ఫలక్‌నుమా గేటు దగ్గరే ఉంది. 2010లో తాజ్ వాళ్ళు హోటల్‌గా తెరిచాక, అతిథిని కొండకింద గేటు దగ్గరే గుర్రపు బగ్గీ ఎక్కించి మహల్‌కి తీసుకెళ్ళడం అక్కడి ఆనవాయితీ. అంటే మర్యాద గేటు దగ్గరే మొదలవుతుంది. మన ఫంక్షన్లలో గేటు దగ్గర మొదలయ్యేది లాఠీ! అభిమానికి బగ్గీ అక్కర్లేదు బాబూ, నిలబడ్డానికి వరసా, తాగడానికి మంచినీళ్ళూ, బయటపడ్డానికి ఇంకో తలుపూ ఉంటే చాలు.

ఈసారి ఏ ప్రీ రిలీజ్ ఫంక్షన్ పాసయినా మీ చేతికొస్తే, హీరోగారి బొమ్మ తర్వాత చూసుకోవచ్చు. గేటు నెంబరు వేశారో లేదో ముందు చూడండి.