పాస్‌పుస్తకం తాకట్టు పెట్టే ముందు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలై వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో నరసరావుపేట నెట్ సెంటర్లలో నిలబడటానికి కూడా చోటుండదు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన తండ్రి ర్యాంకు కార్డు మడిచి జేబులో పెట్టుకుని, కొడుకు కుర్చీ వెనకాల నిలబడి స్క్రీన్ వంక చూస్తుంటాడు. కాకానిలోని జేఎన్‌టీయూ కాలేజీలో కన్వీనర్ కోటాలో సీటు వచ్చే ర్యాంకే. కానీ పెదనాన్న గారబ్బాయి పక్క రాష్ట్రంలో, బాగా పేరు వినబడే డీమ్డ్ యూనివర్సిటీలో చేరాడు. ఇంకేముంది, "ఎకరం పోతే పోయింది, పిల్లాడి బతుకు బాగుపడుద్ది" అన్న మాట ఇంట్లో తేలిపోతుంది.

ఆ ఎకరం మిర్చి పండే నేల. అందుకే పేరుకు ఎంత విలువ ఉందో నిక్కచ్చిగా లెక్క చూడాలి.

పేరుతో పనేముంది, తెలివి ఉంటే చాలు అనేవాళ్లు సత్య నాదెళ్లను చూపిస్తారు. ఐఐటీలో సీటు రాలేదు, మణిపాల్‌లో ఇంజినీరింగ్ చదివారు, అమెరికాలో విస్కాన్సిన్-మిల్వాకీ అనే ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎంఎస్ చేశారు, మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. అడోబీని నడిపించిన శంతను నారాయణ్‌ది ఉస్మానియా. ఇవన్నీ నిజాలే. కానీ నాదెళ్ల చదివిన బడి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్, తండ్రి బి.ఎన్. యుగంధర్ ఐఏఎస్ అధికారి. తర్వాత నాదెళ్ల షికాగోలో, నారాయణ్ బర్క్‌లీలో ఎంబీఏలు కూడా చేశారు. కారంపూడి రైతు బిడ్డకు ఈ కథను సగమే చెప్పి ధైర్యం నూరిపోయడం న్యాయం కాదు.

ఈ లెక్కను అమెరికాలో ఆర్థికవేత్తలు శ్రద్ధగా తేల్చారు. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన పరిశోధనలో, పేరున్న కాలేజీలో సీటు వచ్చినా మామూలు కాలేజీలో చేరినవాళ్ల సంపాదన తర్వాత్తర్వాత ఏమీ తగ్గలేదని తేలింది. ఒక్క మినహాయింపు, పేద ఇళ్ల పిల్లలు. వాళ్లకు మాత్రం పెద్ద కాలేజీ బాగా కలిసొచ్చింది. 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ మళ్లీ చూశారు. హార్వర్డ్ లాంటి పన్నెండు కాలేజీలను మేలైన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలతో పోలిస్తే సగటు జీతంలో తేడా దాదాపు లేదు. కానీ అత్యధిక ఆదాయం ఉన్న ఒక శాతంలోకి చేరే అవకాశం యాభై శాతం పెరిగింది.

అంటే పలుకుబడి ఉన్న ఇంట్లో పుట్టినవాడికి కాలేజీ పేరు అదనపు నగ. సిఫారసు చేసే దిక్కులేని గురజాల కుర్రాడికి ఆ పేరే సిఫారసు. కాబట్టి ఐఐటీలోనో ఎన్ఐటీలోనో సీటొస్తే ఆలోచించకుండా పంపాలి. ఫీజు చూసి భయపడేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. మిగతావాళ్లలో ఏడాదికి లక్ష లోపు కుటుంబ ఆదాయం ఉంటే పూర్తిగా, ఐదు లక్షల లోపు ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ.

కానీ నరసరావుపేటలో ఎకరాలు అమ్మి కొంటున్నది ఆ పేరు కాదు. పోటీలో నెగ్గిన సీటుకు ఉన్న విలువ డబ్బు కట్టి తెచ్చుకున్న మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. హోర్డింగుల మీద మెరిసే పేరంతా కంపెనీల దగ్గర చెల్లుతుందనుకోవడం పొరపాటు. అదే జేఎన్‌టీయూలో చదివిన పిల్లవాడు గేట్ రాస్తే, ఆ పేపరు దిద్దేటప్పుడు అతను ఏ కాలేజీవాడో ఎవరూ అడగరు. మంచి స్కోరు వస్తే ఐఐటీలో ఎంటెక్, నెలకు 12,400 రూపాయల స్టైపెండ్. సివిల్స్‌కూ, గ్రూప్స్‌కూ ఏ గుర్తింపు పొందిన యూనివర్సిటీ డిగ్రీ అయినా ఒకటే.

ప్రభుత్వ చదువుకు పేరు రాదని ఎవరైనా అంటే మాచర్ల మండలంలోని విజయపురి సౌత్ వెళ్లి చూడాలి. అక్కడి ప్రభుత్వ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ ఏపీఆర్‌జేసీలో సీటంటే ఒక తరం తల్లిదండ్రులు ఊరంతా చెప్పుకునేవారు. ఆ పేరు ప్రకటనలతో రాలేదు. ఎంట్రన్స్‌లో నెగ్గిన పేదింటి పిల్లలు, పొద్దస్తమానం వాళ్లను కనిపెట్టుకుని ఉన్న లెక్చరర్లు కలిసి తెచ్చారు.

ఇప్పటి ప్రభుత్వాల నిర్లక్ష్యం ఇక్కడే కనిపిస్తుంది. 2016లో నరసరావుపేటకు జేఎన్‌టీయూ కాలేజీ వచ్చింది, సంతోషం. కానీ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. 2023లో మూడు వేలకు పైగా పోస్టులకు ప్రకటన ఇస్తే అదీ కోర్టు వివాదాల్లో చిక్కుకుంది. పాఠం చెప్పే మనిషే లేనప్పుడు తండ్రి హోర్డింగు వైపు చూడటంలో అతని తప్పేముంది?

పల్నాడు ప్రజాప్రతినిధులు శిలాఫలకాల మీద చూపే శ్రద్ధలో కొంతైనా ఈ ఖాళీల భర్తీ మీద పెట్టాలి. తల్లిదండ్రులకు ఒక విన్నపం. బ్యాంకులో పొలం పాస్‌పుస్తకం ఇచ్చే ముందు ఒక పూట పిల్లాడిని చేర్చాలనుకుంటున్న కాలేజీకి వెళ్లండి. ఆఫీసులో కాదు, చెట్టు కింద కూర్చున్న నాలుగో ఏడాది పిల్లలను అడగండి: క్లాసులు జరుగుతున్నాయా, ల్యాబ్ తెరుస్తున్నారా, పోయినేడాది మీ బ్రాంచిలో ఎంతమందికి, ఎంత జీతానికి ఉద్యోగాలొచ్చాయి అని.