మన ఒళ్లు - వాళ్ల పరిశోధన (6): వార్డెన్ సంతకం



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేస్తున్నాడు. "అన్నా, పరిశోధన లేకుంటే మన రోగాలు లోకానికి ఎట్ల తెలుస్తయి? మీరు సైన్స్‌కే ఎదురు మాట్లాడుతున్నరు" అని. మంచి మాటే. అందుకే ఇవాళ రాయాలనుకున్నది పక్కన పెట్టి ఖమ్మం గురించి రాస్తున్నా.

2009 జూలై. ఉమ్మడి రాష్ట్రం. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది. టీకా మెర్క్ కంపెనీది. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. పక్కన నిలబడింది మన ఐసీఎంఆర్, మన రాష్ట్ర ప్రభుత్వం. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో కంపెనీ టీకాతో ఇదే పని.

సూది ఎవరి చేతికి? చాలామంది ఆశ్రమ పాఠశాలల పిల్లలు, హాస్టల్ పిల్లలు. ఆదివాసీ బిడ్డలు, మన బిడ్డలు. కార్పొరేట్ స్కూల్ బస్సు దగ్గర ఆ క్యూ ఎందుకు కట్టలేదో నన్నడగకండి.

2010 మొదట్లో మహిళా సంఘాల వాళ్లు, ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి అడిగితే చావుల సంగతి బయటపడింది. ఇక్కడ ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు. ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ చావులకూ టీకాకూ సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ అంది. టీకాయే చంపిందని నేనూ అనను, నా దగ్గర ఆధారం లేదు. కానీ రెండు రాష్ట్రాల్లో రాసిన కారణాలు చూడండి: పురుగుల మందు, నీళ్లలో మునగడం, పాముకాటు, మలేరియా. చిన్న పిల్ల పురుగుల మందు ఎందుకు తాగింది? పాము కరిస్తే మందు ఎంత దూరంలో ఉంది? వీటి మీద ఏ ఫౌండేషన్ ప్రాజెక్టు పట్టుకొని ఆ ఊళ్లకు రాలేదు. ముప్పై నలభై ఏళ్ల తర్వాత రాబోయే క్యాన్సర్ కోసం వచ్చారు, ఈ వర్షాకాలం వచ్చే జ్వరం వాళ్ల ఫారంలో లేదు.

ఇక ఫారం సంగతి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం 72వ నివేదిక ఇచ్చింది. మన రాష్ట్రంలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

వార్డెన్ సంతకం అంటే ఏంటో నాకు తెలుసు. ఎస్సీ హాస్టల్లో ఆరేళ్లు ఉన్నా. స్కాలర్‌షిప్ ఫారం మీద ఆయనే, ప్రోగ్రెస్ కార్డు మీద ఆయనే. ఒకరోజు జీపులో ఎవరో వచ్చి మమ్మల్ని వరసలో నిలబెట్టి నెత్తురు తీసుకున్నారు. వార్డెన్ సారు బల్ల మీద కాగితాల కట్ట పెట్టుకొని తల ఎత్తకుండా సంతకాలు పెడుతూ పోయాడు. తలా ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చారు. ఆ రాత్రి మేమంతా ఎంత సంబరపడ్డామో! ఆ నెత్తురులో ఏం చూశారో ఇప్పటికీ తెలియదు. మా అమ్మ నాట్లకు పోయింది ఆరోజు. అడిగితే వచ్చేది. ఒకరోజు కూలి పోగొట్టుకొనైనా వచ్చేది.

వార్డెన్ అన్నం పెట్టించే ఉద్యోగి. తల్లీ కాదు, తండ్రీ కాదు, చట్టం ప్రకారం సంరక్షకుడూ కాదు. పార్లమెంటు సంఘం పట్టుకున్నదీ ఇదే. "ఇది ప్రయోగం కాదు, డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్ట్" అన్న పేరును కూడా అది నమ్మలేదు, నియమాలు తప్పించుకునే ఎత్తుగడ అంది. 2012లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. 2018లో ఐదుగురు జడ్జీలు తేల్చిందేమిటయ్యా అంటే, కోర్టు ఆ పార్లమెంటు నివేదికను చూడొచ్చా లేదా అన్నది. చూడొచ్చట. ఆరేళ్లు పట్టింది.

తమ్ముడూ, నేను టీకాకు ఎదురు కాదు. ఆ క్యాన్సర్ ముదిరేదాకా డాక్టరు ముఖం చూడనిది మన తల్లులే. 2024 మధ్యంతర బడ్జెట్లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని ప్రభుత్వమే చెప్పింది. రావాలి. మన పిల్లలకే ముందు రావాలి. వాళ్ల అమ్మకు అర్థమయ్యే మాటలో చెప్పి, ఆమె వద్దంటే వెనక్కి పోయే మర్యాదతో రావాలి. లేకపోతే రేపు ఆ తల్లి తలుపు వేసుకుంటే "అవగాహన లేని జనం" అని మళ్లీ ఒక పేపర్ రాస్తారు. ఖమ్మంలో అవగాహన లేనిది ఎవరికి?

నీ థీసిస్ కోసం రెండు హాస్టళ్లు ఎంచుకున్నానని రాశావు కదా. నీ ఫారం ఒకసారి తీసి చూడు. అందులో వార్డెన్ సంతకానికి గడి ఉందా? ఉంటే మీ గైడ్ ఏమన్నాడో కామెంట్‌లో రాయి. వచ్చే భాగం దాంతోనే మొదలుపెడతా.

(ఇంకా ఉంది)