దీపాలకు గవరపాలెం చాలదా?

సంపాదకులు గారికి,

చలికాలం దీపాల పండుగంటే లియాన్, ఆమ్‌స్టర్‌డామ్‌లే అన్నట్టు రాశారు మీ వ్యాసకర్త. సంక్రాంతి వెళ్ళాక మా అనకాపల్లి గవరపాలెంలో జరిగే గౌరీపరమేశ్వరుల ఉత్సవం ఆయన చూసినట్టు లేదు. వీధుల నిండా లైటింగు, నేలవేషాలు, బాణసంచా. వీసా అక్కర్లేదు లెండి!

రాదలిస్తే తేదీ ముందే కనుక్కోండి. విశాఖ నుంచి సుమారు 35 కిలోమీటర్లే గానీ కారు వద్దు, సందుల్లో ఇరుక్కుంటారు. పొద్దున్నే రైలు దిగి బెల్లం మార్కెట్‌కి వెళ్ళండి. జనవరి బెల్లం సీజను. గోనె పరిచి పేర్చిన కొత్త దిమ్మలు చేత్తో తాకితే ఇంకా జిగురుగానే ఉంటాయి. లైట్ల సంగతి చీకటి పడ్డాకే. పిల్లలకు స్వెట్టర్లు తెచ్చుకోండి, తిరుగు రైలు టైము చూసుకోండి.

– ఒక పాఠకుడు, అనకాపల్లి