లోహం సంగతి సరే, కుర్చీ మాటేమిటి?

నా రెండు మోకాళ్లూ మార్చినవే. పిల్లలు హైదరాబాద్‌లో ఉండటంతో మా రాయ్‌పూర్‌లోని మానా విమానాశ్రయం నాకు బాగా అలవాటు. అందుకే శంకర్ నగర్‌లో మోకాలి ఆపరేషన్ అయిన తెలుగువాళ్లు ప్రయాణానికి ముందు నన్నే అడుగుతారు: "గేటు దగ్గర కూత పెడుతుందటగా, ఆపేస్తారా?"

కూస్తే కూయనివ్వండి అంటాను. మోకాలి లోపల ఉన్నది కోబాల్ట్ క్రోమియం, టైటానియం లాంటి లోహాలు. లోహం ఉందని ఆ గేటుకు తెలుస్తుంది గానీ, అది మోకాలో కత్తో తెలియదు. తేల్చాల్సింది మనిషే. మన దేశంలో కూత వచ్చినా రాకపోయినా అందరినీ తడిమి చూస్తారు. ఆడవాళ్లనైతే తెర వెనక మహిళా సిబ్బంది చూస్తారు. "మేడం, ఘుట్నా బద్లా హువా హై" అని ముందే చెబితే, చేతి యంత్రం మోకాలి దగ్గర ఆనించి, చీర మీదుగా తడిమి పంపేస్తారు. డాక్టరు కాగితం ఉన్నా తనిఖీ తప్పదు. సంగతి వివరించడానికి మాత్రం పనికొస్తుంది.

అసలు చిక్కు ఆ తెర వెనకుండే పీటలాంటి మెట్టుతో. దానిమీద చేతులు చాపి నిలబడాలి. పట్టుకోవడానికేమీ ఉండదు. చేతికర్ర అప్పటికే ఎక్స్‌రే పెట్టెలోకి పోయి ఉంటుంది. ఎలాగో ఎక్కుతాం, దిగేటప్పుడే ప్రాణం మీదికొస్తుంది. ఒక ఊళ్లో బూట్లు కూడా విప్పించారు. మళ్లీ తొడుక్కోవడానికి కూర్చునే చోటు లేదు. ట్రేలు వచ్చే బల్ల పట్టుకుని తంటాలు పడుతుంటే వెనకవాళ్లు "జరా సైడ్" అంటున్నారు.

'మయూరి' సినిమాలో తన కథలో తానే నటించిన సుధాచంద్రన్, తనిఖీలో కృత్రిమ కాలు తీయమంటున్నారని 2021 అక్టోబరులో వీడియో పెడితే సీఐఎస్‌ఎఫ్ క్షమాపణ చెప్పింది. ఆ డిసెంబరులో విమాన ప్రయాణంలో దివ్యాంగుల హక్కులపై జీజా ఘోష్ వేసిన కేసు విచారణలో సుప్రీంకోర్టు కూడా, మనిషి గౌరవం దృష్ట్యా అలా తీయమనకూడదంది. మా మోకాళ్లు తీయమనడానికి వీల్లేనివి కాబట్టి మా గొడవ ఏ కోర్టుకూ ఎక్కదు. అలాగని ఏ కొద్దిమంది గొడవో కాదు. మోకాలి ఇంప్లాంట్ల ధరలకు 2017 ఆగస్టులో కేంద్రమే పరిమితి పెట్టిందంటే, ఈ ఆపరేషన్ ఎన్ని ఇళ్ల సంగతో ప్రభుత్వానికి తెలిసే ఉండాలి.

తనిఖీలో సడలింపు అడగడం లేదు. ఎంతసేపైనా తడమండి. ఆ మెట్టుకో పట్టుకమ్మీ, ట్రేల దగ్గర రెండు కుర్చీలూ వేయించండి. నిలబడలేనివాళ్లు కూర్చునే తనిఖీ చేయించుకోవచ్చని హిందీలోనూ స్థానిక భాషలోనూ ఒక బోర్డు పెట్టండి. ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు.

"ఇంత బాధ ఎందుకు, వీల్‌చైర్ అడగొచ్చుగా?" అంటారు. అవసరమున్నవాళ్లు తప్పకుండా అడగాలి. కానీ మేం మోకాళ్లు మార్పించుకున్నది నడవడానికే కదండీ!