ఇసుక ఖాళీగా లేదు! మ్యాపులోకి ఎక్కిద్దాం, రండి!

ముత్యాలమ్మపాలెం, తిక్కవానిపాలెం అన్నల్లారా, అక్కల్లారా! పరవాడ రైతన్నల్లారా!

ఆఫీసు కాగితాల్లో సముద్రం ఒడ్డంటే ఖాళీ జాగా. ఖాళీ ఎక్కడుంది? అలివి వల లాగేటప్పుడు వచ్చి చూడమనండి. నావ చుట్టు తిరిగి వల విడిచొస్తే, రెండు తాళ్ళూ ఒడ్డున రెండు గుంపుల చేతికొస్తాయి. మడమలు ఇసుకలో దిగేసి వెనక్కి వెనక్కి నడుస్తూ లాగాలి. వల దగ్గరపడేకొద్దీ రెండు గుంపులూ దగ్గరకి జరగాలి. వెనక గోడ లేచిందంటే అడుగేసే చోటుండదు, సముద్రంలో ఎంత చేపున్నా సరే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం 61 రోజులూ వలలు బాగుచేసుకునేదీ, మిగతా రోజుల్లో కవ్వళ్ళు, నెత్తళ్ళు ఎండేదీ ఈ ఇసుక మీదే.

1991లో వచ్చిన తీర నిబంధనలను (సీఆర్‌జెడ్ అంటారే, అవే) 2011లో, 2019లో మార్చారు. పోటు గీత నుంచి గట్టు మీదికి 500 మీటర్లు, నీళ్ళలోకి 12 నాటికల్ మైళ్ళు వాటి కిందికే వస్తాయి. 2019లో ఒక మెలిక పెట్టారు: చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించిన పల్లెల్లో కట్టడాలు కూడని జాగా 200 మీటర్ల నుంచి 50కి తగ్గొచ్చు. మన పల్లెలు ఏ లెక్కలో పడ్డాయో ఎవరైనా చెప్పారా?

సింహాద్రి థర్మల్ చల్లబరచుకోడానికి సముద్రపు నీరే తోడుకుంటుంది. ఫార్మాసిటీ శుద్ధి చేసిన నీళ్ళు గొట్టంలో సముద్రానికే పోతాయి. వాటిని మూయమని కాదు ఈ కరపత్రం. మన పిల్లలూ అక్కడే పనిచేస్తున్నారు. గొట్టానికి మ్యాపులో గీత ఉన్నప్పుడు అలివి లాగే చోటుకి ఎందుకుండకూడదు? మత్స్యకారుల ఉమ్మడి జాగాలు, చేపలు ఎండబెట్టే చోట్లు తీర ప్రణాళికలో చూపాలని ఆ నిబంధనల్లోనే ఉంది.

ఆలస్యం చేస్తే? మ్యాపులోకి ఎక్కకముందే ఇసుక పోవచ్చు. ఒడ్డు కోసుకుపోతే విశాఖ ఆర్కే బీచికి డ్రెడ్జరుతో ఇసుక తెచ్చి పోస్తున్నారు. మన పాలేనికి ఎవరు తెస్తారు!

కాబట్టి ఈ వారం పేటపేటకీ కూర్చుని, వల లాగే చోటు, నావలెక్కించే చోటు, ఎండబెట్టే చోటు కాగితం మీద గీద్దాం. ఎండబెట్టే చోట్లు మగాళ్ళకంటే ఆడవాళ్ళకే బాగా తెలుసు. వాళ్ళు లేకుండా గీసిన మ్యాపు మాకొద్దు.

వచ్చే సోమవారం పొద్దున్నే ఆ మ్యాపుతో, అర్జీతో అనకాపల్లి కలెక్టరేటుకి, గ్రీవెన్సుకి అందరం వెళ్దాం. వేటకి పోక తప్పనివాళ్ళు ఇంట్లోవాళ్ళని పంపండి. ఆధార్ జిరాక్సు మరవొద్దు. అర్జీకి రసీదు చేతికొచ్చేదాకా ఎవరూ కదలొద్దు.

ఇట్లు,
పరవాడ మండలం తీరగ్రామాల వేటగాళ్ళు, చేపలమ్మే ఆడవాళ్ళు