పరిశోధన మనది, ఔషధము పరులది

నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థను ఎరుగని బర్కత్‌పురవాసి యుండడు. కుక్క కరచిన కూలివాడు నేటికిని అచ్చటికే పరుగెత్తును. ఒకప్పుడు ఆ ప్రాంగణముననే టీకామందులు తయారగుచుండెను. ప్రజాధనముతో పెరిగిన శాస్త్రము ప్రజల చేతికి చౌకగా అందవలెనను ధర్మమునకు ఆ సంస్థ కన్నుల యెదుటి నిదర్శనము. జన్యుచికిత్స విషయమున ఈ ధర్మమేల తప్పినదో నేడు విచారింపవలసియున్నది.

బర్కత్‌పురకు గడియ ప్రయాణపు దూరమున, తార్నాకలో, ఐ.ఐ.సి.టి. యను రసాయన పరిశోధనాలయము కలదు. 1944లో హైదరాబాదు సంస్థానమున స్థాపింపబడిన ప్రయోగశాలయే క్రమముగా ఇట్లు వృద్ధిపొందినది. ఇందు డాక్టరు అరవింద చౌధురిగారు చిరకాలము శ్రమించిన సమస్య యిది: రోగికి లోపించిన జన్యువును జీవకణములోనికి చేర్చుట యెట్లు? జన్యువు ఋణవిద్యుత్తు గలది; కణమును కప్పిన పొరయు అట్టిదే. కావున ఒకటి రెండవదానిని దరిచేరనీయదు. నడుమ నొక వాహకము కావలెను. పాశ్చాత్యులు మొదట వైరసులను వాహకములుగా గైకొనిరి. 1999లో అమెరికాలో అట్టి ప్రయోగమున పదునెనిమిదేండ్ల యువకుడు మరణింపగా లోకము ఉలికిపడినది. ఆ సంవత్సరముననే చౌధురిగారును, రాజ్‌కుమార్ బెనర్జీ మొదలగు సహచరులును, పొరుగుననున్న సి.సి.ఎం.బి.కి చెందిన మధుసూదనరావుగారును కలసి, ధనవిద్యుత్తు గల క్రొత్త లిపిడులను, అనగా కొవ్వుజాతి పదార్థములను, నిర్మించి ఆ ఫలితములను అమెరికా ఔషధరసాయన పత్రికలో ప్రకటించిరి. ఇట్టి లిపిడులు జన్యువును చుట్టుకొని కణములోనికి గొనిపోవును. 2010 ప్రాంతమున, దేహరక్షణశక్తికి శత్రువును చూపించు డెండ్రిటిక్ కణములకు జన్యువును చేర్చు వాహకములను నిర్మించి, మెలనోమా యను కాన్సరుపై ఎలుకలలో పరీక్షించిరి.

ఎలుకకును మనుష్యునికిని నడుమ దూరము చాల గలదు. ఆ లిపిడులు ఔషధములు కాలేదు. ఇది శాస్త్రజ్ఞుల దోషమని మేమనము. కనుగొని ప్రకటించుట వారి పని. ఆపైన మానవులకు తగిన శుద్ధితో తయారుచేయుటకును, ఆసుపత్రులలో పరీక్షించుటకును ధనమును, యంత్రాంగమును కావలెను. 2020లో విదేశీయ కంపెనీలు కొన్ని తమ కరోనా టీకాలను లిపిడు వాహకములలోనే నింపి లోకమునకు విక్రయించినవి. ఆ త్రోవ మన ప్రయోగశాలలకు తెలియనిది కాదు. కడవరకు నడిపించువారు కొరవడిరి.

ఫలితము చూడుడు. పసిబిడ్డల కండరములను చచ్చుబడజేయు ఒక నాడీవ్యాధికి 2019లో అమెరికాలో అనుమతి పొందిన జోల్‌జెన్‌స్మా యను మందు ఒక్క మోతాదు వెల సుమారు 16 కోట్ల రూపాయలు. 2021లో హైదరాబాదునందొక కుటుంబము వేలాది దాతలను యాచించి ఆ మందు తెప్పించుకొనవలసివచ్చెను. అరుదైన వ్యాధుల జాతీయ విధానము క్రింద రోగికిచ్చు సాయము 2022లో గరిష్ఠముగా 50 లక్షలని నిర్ణయింపబడినది. మిగిలినదానికి దిక్కెవరు? యాచింప నేర్చినవారి బిడ్డయే బ్రతుకవలెనా?

ఇది మనకు సాధ్యము కాదనువారికి రెండు సమాధానములు కలవు. బొంబాయి ఐ.ఐ.టి.లో పుట్టి, టాటా స్మారక ఆసుపత్రిలో పరీక్షింపబడి, 2023లో అనుమతి పొందిన నెక్స్‌కార్19 యను రక్తకాన్సరు చికిత్స, విదేశపు వెలలో సుమారు పదవవంతునకే లభ్యమైనది. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు హీమోఫిలియా రోగులైదుగురికి జన్యుచికిత్స చేసి, తాము గమనించిన కాలమంతయు వారికి రక్తస్రావము కలుగలేదని 2024లో ప్రకటించిరి. ఈ రెండుచోట్లను ప్రయోగశాలకును రోగి మంచమునకును నడుమ వంతెన యున్నది. మన నగరమున ఐ.ఐ.సి.టి. కలదు, సి.సి.ఎం.బి. కలదు, నిమ్స్ కలదు, వంతెనయే లేదు.

మేము కోరునవి మూడు. జన్యువాహకములను మానవోపయోగమునకు తగినట్లు తయారుచేయు ప్రభుత్వశాల యొకటి హైదరాబాదున నెలకొనవలెను. ప్రజాధనముతో కనుగొనబడిన దానిని కంపెనీల కిచ్చునప్పుడు వెలకు హద్దు ముందుగనే వ్రాసికొనవలెను. పరీక్షలలో తొందరపాటు కూడదు. 1999నాటి మరణము మరువదగినది కాదు. అయినను జాగ్రత్త వేరు, జాగు వేరు. జాగు చేయుటవలన కలుగు నష్టము కాగితములపై కానరాదు; ఊయలలలో కానవచ్చును. ప్రభుత్వమువారు ఇకనైనను మేల్కొందురుగాక.