ఈ బొమ్మకు టిక్కెట్టు లేదు

"ఈ వారం ఏ బొమ్మ చూశారు?" అని అడిగే పాఠక మిత్రులకు ముందుగా ఓ మనవి. ఈ వారం నేను చూసిన బొమ్మలో హీరో లేడు, ఫైట్లు లేవు, పాటలు అసలే లేవు. ఓ ఏనుగు, ఓ చీమ... అంతే! అయినా వరసగా మూడు ఆటలు చూశాను. ఏ హాల్లో అంటారా? మా పేటలో ఉన్న శాఖా గ్రంథాలయంలో!

జరిగిందేమిటంటే, 'మాయాబజార్' మీద వ్యాసం రాయాల్సొచ్చి పాత 'చందమామ'లు తిరగెయ్యాలనుకున్నాను. 1957లో ఆ చిత్రం తీసిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే అంతకు పదేళ్ల ముందు, 1947 జూలైలో, 'చందమామ' మొదలుపెట్టారు మరి. తీరా బయల్దేరబోతుంటే మా అక్కయ్య ఫోను. "ఒరేయ్, నాకు డ్యూటీ పడింది. సాయంత్రం దాకా బుజ్జిని కాస్త చూసుకో" అంది.

బుజ్జి నా మేనకోడలు. నాలుగేళ్లు. చేతిలో సెల్‌ఫోను పెడితే కూచోబెట్టిన చోటే కూచుంటుంది. పిలిచినా పలకదు. ఆ రోజు నా ఫోన్లో ఛార్జింగు లేదు. చేసేదేముంది, వెంటబెట్టుకెళ్లాను.

లైబ్రరీలో పేపర్లు చదివే పెద్దలు, పోటీ పరీక్షల పుస్తకాల్లో తలలు దూర్చిన కుర్రాళ్లు. "పిల్లల పుస్తకాలేమైనా ఉన్నాయాండీ?" అనడిగితే గ్రంథపాలకుడు గారు మూలనున్న ఇనప బీరువా చూపించారు. దానికి తాళం!

"పిల్లలు చింపేస్తారండీ. లెక్క చెప్పుకోవాల్సింది నేను" అన్నారు.

ఆ మాట వినగానే నా ఎడమ చెవి చురుక్కుమంది. ఇక్కడో చిన్న ఫ్లాష్‌బ్యాక్. నాకు ఏడేళ్లప్పుడు, వేరే ఊళ్లో, వేరే లైబ్రరీలో బొమ్మల పుస్తకం పేజీ ఒకటి నా చేతిలో చిరిగింది. అక్కడున్నాయన చెవి మెలిపెట్టి గుమ్మం దాటించాడు. డిగ్రీలో చేరేదాకా మళ్లీ ఏ లైబ్రరీ గడపా తొక్కలేదు నేను. గోడల మీది సినిమా పోస్టర్లు కూడబలుక్కుని చదువుకున్నాను. నేను సినిమా విలేకరినవడంలో ఆ చెవి పాత్ర కూడా కొంత ఉందన్న మాట! నవ్వుతూ చెబుతున్నాను గానీ, పోయిన ఆ పదేళ్ల పుస్తకాలు నాకెవరు తెచ్చిస్తారు?

"నా పేరున రాసుకోండి. చిరిగితే ఖరీదు నేనిస్తాను" అన్నాను. ఆయన నన్నోసారి, బుజ్జినోసారి చూసి తాళం తీశారు. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు, ఎప్పటివో సోవియట్ బొమ్మల పుస్తకాలు... చాలావాటికి మూల కూడా నలగలేదు.

బుజ్జి ఏనుగు బొమ్మున్న పుస్తకం లాక్కుంది. ఇద్దరం నేల మీద కూలబడ్డాం. ఏనుగు మీద వేలు పెట్టి, ఫోన్లో తోసినట్టు పైకి తోసింది. ఏనుగు కదల్లేదు. మళ్లీ తోసింది. ఊహూ! నావంక అనుమానంగా చూసింది. పేజీ ఎలా తిప్పాలో చూపించాను.

నాలుగో పేజీలో ఒక్క కేక... "మావయ్యా, చీమ!"

చెప్పొద్దూ, నేను చూడనే లేదు. ఏనుగు బస్సెక్కుతుంటే దాన్నే చూస్తున్నాను. కింద మూల ఓ చీమ పంచదార పలుకు మోసుకుపోతోంది. బుజ్జి గబగబా వెనక్కి తిప్పింది. మొదటి పేజీలోనూ ఉంది! హీరో వెనకాల నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టుని కూడా కనిపెడతానని గొప్పలు పోయే నాకు ఆ చీమ కనపడలేదు.

సినిమాలో బొమ్మ మనకోసం ఆగదు. దర్శకుడు ఎంతసేపు చూపిస్తే అంతసేపే. పుస్తకంలో బొమ్మ ఆగుతుంది. ఎంతసేపు చూడాలో, ఎప్పుడు వెనక్కి పోవాలో చూసేవాళ్ల ఇష్టం. అక్కడ డైరెక్టరు నాలుగేళ్ల బుజ్జే! బాపు గారు 1967లో 'సాక్షి' తీయకముందే పేరున్న చిత్రకారులు. షాట్లు ముందు బొమ్మలుగా వేసుకుని, ఆ తర్వాత తీసేవారు. ఆగిన బొమ్మని చూడ్డం వచ్చినవాళ్లకే కదిలే బొమ్మ బాగా పట్టుబడుతుందేమో!

చీమ ఎక్కడికి పోతోందో చూడాలన్న ఆత్రంలో బుజ్జి పేజీ గట్టిగా లాగింది. పర్ర్ ర్! పిల్ల మొహం చిన్నబోయింది. గ్రంథపాలకుడు గారు కుర్చీలోంచి లేచారు. నా చెయ్యి దానంతటదే నా చెవి మీదికి పోయింది.

ఆయన సొరుగులోంచి గమ్ము సీసా తెచ్చి మా పక్కనే నేల మీద కూచున్నారు. "చింపినవాళ్లే అతికించాలమ్మా. ఇదిగో, ఇక్కడ పట్టుకో" అన్నారు. బుజ్జి నాలిక బయటపెట్టి మహా శ్రద్ధగా అతికించింది. చీమ మీద గమ్ము మరక పడింది. నేను జేబులో చెయ్యి పెట్టబోతే, "ఉంచండి, మీరెప్పుడో కట్టేశారు" అన్నారాయన.

తెల్లబోయాను. అప్పుడు చెప్పారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతో బాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలవుతుందట. రూపాయికి 8 పైసలు. అంటే తాళం వెనకాల ఉన్నవి మన డబ్బుతో నడిచే లైబ్రరీలో మన పిల్లల పుస్తకాలే! మేం లేవగానే ఆయన బీరువాకి తాళం వేసేశారు. కానీ ఏనుగు పుస్తకం మాత్రం తన టేబిల్ మీదే ఉంచుకున్నారు, పాప మళ్లీ వస్తుందని.

మిత్రులారా, మీ ఇంట్లోనూ తమ్ముడో, చెల్లాయో, అక్క కూతురో ఉండే ఉంటారు. ఫస్ట్ షోకి వెళ్లేముందు ఓ గంట వాళ్లకివ్వండి. నేల మీద కూచోండి. పుస్తకం వాళ్ల చేతికే ఇవ్వండి. "ఇదేంటి? అదేంటి?" అని పరీక్షలు పెట్టకండి. అదే పుస్తకం మళ్లీ కావాలంటే మళ్లీ చదవండి. నచ్చిన సినిమా మనం పదిసార్లు చూడ్డంలేదూ? బీరువాకి తాళముంటే మర్యాదగా అడిగి తీయించండి. చిరిగితే అతికించి మరీ రండి.

'మాయాబజార్' వ్యాసం సంగతా? రాయలేదు. ఎడిటర్ గారు క్షమించాలి. ఆ రాత్రి, పిలిచినా పలకని మా బుజ్జి, వాళ్లమ్మకి అరగంట ఆపకుండా ఏనుగు కథ చెప్పింది. చీమకి డైలాగులు కూడా పెట్టింది. ఆ తర్వాత ఫోను కూడా అడిగిందనుకోండి, అది వేరే సంగతి!

వచ్చేవారం మళ్లీ అదే హాలు, అదే బొమ్మ.